లోన్లు బిగుసుకున్న రోజుల్లో ఇంటి లోను: చేయవలసినవి, చేయకూడనివి

బేతంచెర్లలో ఏ నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీ దగ్గర నలుగురు చేరినా ఒక మాట వినబడుతుంది: "ఇప్పుడు బ్యాంకోళ్లు ఇంటి లోన్లు ఇయ్యడం లేదంట." బండలకు గిరాకీ తగ్గిన నెలల్లో అది ఇంకొంచెం గట్టిగా వినబడుతుంది. ఆ మాటలో సగమే నిజం. డబ్బు బిగుసుకున్న కాలంలో బ్యాంకు ఇచ్చేది తగ్గుతుంది, అడిగేది పెరుగుతుంది. ఆదాయానికి కాగితం, స్థలానికి కాగితం, పాత అప్పులకు కాగితం అడుగుతుంది. ఈ మూడూ సరిగ్గా ఉన్నవాళ్లకు లోను వస్తూనే ఉంది. లేనివాళ్లు "ఇవ్వం" అని ఒకసారి విన్నాక కంగారులో వేసే అడుగులే ఇల్లు ముంచుతున్నాయి. కింద రాసినవన్నీ ఆ అడుగుల గురించే.

వస్తూనే ఉంది అని ఊరికే అనడం లేదు. 2008 జూలై చివరికి రెపో, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు, 9 శాతానికి చేరింది. సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. ప్రపంచమంతా అప్పులు ఆగిపోయాయని పత్రికలు రాస్తున్న ఆ డిసెంబర్‌లోనే మన ప్రభుత్వ రంగ బ్యాంకులు 5 లక్షల లోపు ఇంటి లోన్లు 8.5 శాతానికి, 5 నుంచి 20 లక్షల దాకా 9.25 శాతానికి మించకుండా ఇస్తామని ప్రకటించాయి. 2009 ఫిబ్రవరిలో స్టేట్ బ్యాంకు మొదటి ఏడాదికి 8 శాతం అంటూ ఇంకో పథకం తెచ్చింది. 2018 సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థ చేతులెత్తేసినప్పుడు దెబ్బ ఎక్కువగా తగిలింది బ్యాంకులకు కాదు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు. మరుసటి ఏడాది నవంబర్‌లో వాటిలో ఒకటైన డీహెచ్ఎఫ్ఎల్ బోర్డునే రిజర్వ్ బ్యాంకు రద్దు చేసింది. 2023 నవంబర్ 16న రిజర్వ్ బ్యాంకు మళ్లీ పగ్గాలు లాగింది. ఈసారి హామీ లేని పర్సనల్ లోన్ల మీద. ఇంటి లోన్లను, చదువు లోన్లను, బంగారం తాకట్టును ఆ ఉత్తర్వులోనే మినహాయించింది. ఇల్లు తాకట్టుగా ఉన్న లోను బ్యాంకులకు ఇష్టమైన లోను. రోజులు బాగాలేనప్పుడు ఆ ఇష్టం పెరుగుతుందే గానీ తరగదు.

ఆదాయం చూపించుకోండి, కనీసం రెండేళ్ల ముందు నుంచి

మన ఊరి అసలు ఇబ్బంది ఇక్కడుంది. నాపరాయి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో, బండల లారీల్లో డబ్బు తిరుగుతుంది కానీ అది కాగితం మీదికి ఎక్కదు. ఏడాదికి 60 లక్షల బండలు అమ్మిన ఫ్యాక్టరీ యజమాని బ్యాంకు మేనేజర్ ముందు కూర్చుని "నాకు నెలకు లక్ష మిగుల్తుంది సార్" అంటాడు. మేనేజర్ ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను) అడుగుతాడు. అది లేదు, లేదా రెండున్నర లక్షలు చూపించి వేసింది ఉంది. బ్యాంకుకు సంబంధించినంత వరకు ఆ మనిషి ఆదాయం నెలకు ఇరవై వేలు.

చిన్న వ్యాపారికి ఆదాయపు పన్ను చట్టంలో సులువైన లెక్క ఉంది. నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం లాభంగా చూపించి ఐటీఆర్-4 వేయవచ్చు. 60 లక్షల నగదు అమ్మకానికి 8 శాతం అంటే 4 లక్షల 80 వేలు, నెలకు 40 వేలు. మిగిలేది అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపించాలి. చట్టమూ అదే చెబుతుంది, లోనుకూ అదే పనికొస్తుంది. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు. పన్ను కట్టే పని లేకపోయినా రిటర్ను వేయకుండా కూర్చుని, ఇంటి లోను రాలేదని బ్యాంకును తిట్టుకోవడం నాకైతే అర్థం కాదు.

బ్యాంకులు మామూలుగా రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. లోనుకు వెళ్లే వారం ముందు రెండేళ్లవీ ఒకే రోజు వేస్తే వాటి మీద తేదీ ఉంటుంది, మేనేజర్‌కు చదవడం వచ్చు. అమ్మకం డబ్బులో వీలైనంత కరెంట్ ఖాతాలో వేసుకోండి. జీఎస్టీ ఉంటే రిటర్నులకూ ఖాతాకూ పొంతన ఉండాలి.

దొంగ రిటర్నులు, లేని కంపెనీ జీతం స్లిప్పులు తయారు చేసి పెట్టే మనుషులు కర్నూలులో ఉన్నారు, నంద్యాలలోనూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి పోకండి. లోను తొందరగా పుట్టిస్తామంటారు, పదో పదిహేను వేలో తీసుకుంటారు. ఇవాళ బ్యాంకు ఆ రిటర్నును ఆదాయపు పన్ను శాఖ సైటులో, ఫారం 26ఏఎస్‌లో సరిచూసుకుంటుంది. దొరికితే లోను పోవడం చిన్న సంగతి. తప్పుడు పత్రాలతో అప్పు అడిగారని కేసు పెట్టవచ్చు. సంతకం మీది కాబట్టి ముద్దాయి కూడా మీరే. పత్రం తయారు చేసినవాడి ఫోను ఆ రోజుకు పనిచేయదు.

జీతం ఉన్నవాళ్లకు ఈ తిప్పలు తక్కువ. టీచర్లకు, రైల్వే వాళ్లకు, సచివాలయ ఉద్యోగులకు మూడు నెలల జీతం స్లిప్పు, ఫారం 16 ఉంటే చాలావరకు పని అయిపోతుంది. ప్రైవేటు ఫ్యాక్టరీ జీతమైతే బ్యాంకు కంపెనీ పరిస్థితిని కూడా చూస్తుంది. సిమెంట్ నగర్‌లోని పాణ్యం సిమెంట్స్ దివాలా చట్టం కిందికి వెళ్లడం చూసిన ప్రాంతం మనది. ఆ జాగ్రత్తను తప్పుపట్టలేం.

ఎంత తీసుకోవాలో ముందు మీరే లెక్క కట్టుకోండి

20 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం. నెల కంతు 17,356 రూపాయలు. బ్యాంకులు సాధారణంగా చేతికొచ్చే ఆదాయంలో సగానికి మించి కంతులకు పోనివ్వవు. నెలకు 40 వేలు చూపించినవాడికి ఇది సరిపోతుంది, అయితే వేరే కంతులేవీ లేకపోతేనే. లారీ కంతు, ట్రాక్టర్ కంతు, ఇంటావిడ పేరున డ్వాక్రా సంఘం కంతు, పిల్లాడి ఫోను కంతు అన్నీ ఆ సగంలోకే వస్తాయి. లోనుకు వెళ్లేముందు చిన్న కంతులు తీర్చేయడం మంచిది. మూడు వేల ఫోను కంతు ఒకటి పోతే ఇంటి లోను అర్హత మూడు లక్షలకు పైగానే పెరుగుతుంది.

ఇప్పుడు అదే లెక్కను రేటు పెరిగితే ఎలా ఉంటుందో చూడండి, ఎందుకంటే మనవాళ్లు దెబ్బతిన్నది అక్కడే. 2022 మేలో రెపో 4 శాతం. 2023 ఫిబ్రవరికి 6.5. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. 7 శాతం దగ్గర 20 లక్షలు తీసుకున్నవాడి కంతు 15,506. అసలు ఇంకా 20 లక్షల దగ్గరే ఉన్నప్పుడు రేటు 9.5కి చేరితే ఒక్క నెల వడ్డీయే 15,833. అంటే కట్టే కంతు వడ్డీకి కూడా చాలదు, అసలు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. చాలా బ్యాంకులు కంతు మార్చకుండా గడువు పొడిగించుకుంటూ పోయాయి. ఇరవై ఏళ్ల లోను ముప్పై ఏళ్లకు పాకిన సంగతి కొందరికి స్టేట్‌మెంట్ తీసినప్పుడు గానీ తెలియలేదు. 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది: రేటు మారినప్పుడు కంతు పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది లోను తీసుకున్నవాడిని అడగాలి, ఏ పరిస్థితుల్లోనూ అసలు పెరిగే స్థితికి తేకూడదు.

కాబట్టి కంతు లెక్క ఇవాళ్టి రేటుకు కాకుండా ఇంకో రెండు శాతం కలిపి వేసుకోండి. ఆ కంతు కూడా కట్టగలనంటేనే సంతకం పెట్టండి. రేటు మారిందని మెసేజ్ వచ్చినప్పుడు బ్రాంచికి వెళ్లి మిగిలిన కంతులెన్నో రాయించుకురండి. పెరిగినప్పుడే కాదు, తగ్గినప్పుడు కూడా. 2025 ఫిబ్రవరి నుంచి రెపో తగ్గుతూ జూన్‌కు 5.5 శాతం అయింది. ఆ తగ్గింపు మీ ఖాతాకు చేరిందా?

చేరకపోతే కారణం ఒకటి ఉండవచ్చు. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ ఇంటి లోన్లను రెపో వంటి బయటి కొలమానానికి కట్టాలి. అంతకు ముందువి పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉండొచ్చు. చిన్న రుసుము కట్టి మార్పించుకోవచ్చు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఈ నిబంధన లేదు, వాటి రేటు వాటి ఇష్టం.

మొదటి ఏడాది రేటు చూసి పరుగెత్తకండి. 2009 నాటి 8 శాతం పథకాలను చూసి ఎగబడినవాళ్లకు తర్వాతి ఏళ్లలో రేటు పెరిగింది. ఈ తరహా లోన్లు ప్రమాదమని రిజర్వ్ బ్యాంకే 2010 నవంబర్‌లో వాటి మీద బ్యాంకులు పక్కన పెట్టాల్సిన సొమ్మును 2 శాతానికి పెంచింది.

సిబిల్: అప్పు చేసింది మీరే కానక్కర్లేదు

మీ అప్పుల చరిత్రకు సిబిల్ లాంటి సంస్థలు ఇచ్చే స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకులు మొహం ప్రసన్నంగా పెడతాయి. మన దేశంలో ఇలాంటి సంస్థలు నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. లోనుకు వెళ్లడానికి ఆరు నెలల ముందే తెప్పించుకోండి. చదివితే కొన్ని వింతలు బయటపడతాయి. ఎప్పుడో తీర్చేసిన బంగారం లోను ఇంకా బాకీ అని ఉంటుంది. బావమరిది లారీకి పెట్టిన జామీను సంతకం మీ పేరు కింద ఉంటుంది. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీనుదారుడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. బావమరిది కంతు తప్పితే మీ స్కోరు పడుతుంది. మొహమాటానికి జామీను పెట్టడం మన దగ్గర మర్యాద అనుకుంటారు. ఇల్లు కట్టుకోవాలనుకునే రెండేళ్లు ఆ మర్యాదను పక్కన పెట్టండి.

తప్పు ఉంటే అప్పు ఇచ్చిన సంస్థకూ, సిబిల్‌కూ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆ నిబంధన ఉంది.

ఎప్పుడూ అప్పే తీసుకోనివాళ్లకు స్కోరే ఉండదు. అది తప్పేమీ కాదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగినవాళ్ల దరఖాస్తును తిరస్కరించరాదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులోనూ ఇదే చెప్పింది.

ఒకే వారంలో అయిదు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది. ఆరో బ్యాంకు దాన్ని చూసి ఇతనికి డబ్బు కరువైందనుకుంటుంది.

స్థలం: ఇక్కడ ఆగి నింపాదిగా చూడండి

లోన్లు ఆగిపోయేది ఎక్కువగా ఆదాయం దగ్గర అనుకుంటారు. చిన్న ఊళ్లలో ఎక్కువ భాగం స్థలం కాగితాల దగ్గరే ఆగుతాయి. డబ్బు పుష్కలంగా ఉన్న రోజుల్లో బ్యాంకు లాయరు చూసీచూడనట్టు వదిలేసిన లోపాలను బిగువు రోజుల్లో వదలడు.

పాత ఊళ్లో గ్రామకంఠం ఇళ్లు చాలావాటికి లింకు డాక్యుమెంట్లు ఉండవు. ఇంటి పన్ను రసీదు చేతిలో పెట్టుకుని "ముప్పై ఏళ్లుగా కడుతున్నాం సార్" అంటారు. పన్ను రసీదు మీరు పన్ను కట్టారని చెబుతుంది, ఇల్లు మీదని చెప్పదు. అలాంటి ఇంటి మీద లోను కావాలంటే ముందు కుటుంబంలో రిజిస్టర్డ్ భాగపరిష్కారం చేసుకుని, నగర పంచాయతీ రికార్డులో పేరు మార్చుకుని, తర్వాత బ్యాంకు గడప ఎక్కండి. బేతంచెర్ల నగర పంచాయతీ అయ్యాక, 2021 నవంబర్‌లో ఎన్నికలు జరిగాక, గ్రామ పంచాయతీ కాలం నాటి కాగితాలకూ ఇప్పటి రికార్డులకూ పొంతన లేకపోవడం ఇంకో తలనొప్పి. ఇంటి నంబరు, హద్దులు, సర్వే నంబరు మూడూ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూసుకోండి.

భాగపరిష్కారంలో ఆడబిడ్డల సంతకం మరవకండి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు 2005లో దేశమంతటికీ వచ్చింది. మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు అది 1985 సెప్టెంబర్ నుంచే ఉంది. "చెల్లెలికి పెళ్లప్పుడు ఇచ్చేశాం" అన్న మాట బ్యాంకు లాయరు ముందు నిలవదు. రిజిస్టర్ అయిన హక్కు విడుదల పత్రం ఉండాలి. ఈ ఒక్క సంతకం కోసం నెలల తరబడి ఆగిన లోన్లకు కొదవ లేదు. అందులో చెల్లెలి తప్పేమీ లేదు కూడా.

డీకేటీ పట్టా స్థలం చౌకగా వస్తుందని కొనకండి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ఏ తేదీ పట్టా, ఇంటి స్థలమా పొలమా అన్నది లాయరు దగ్గరే తేల్చుకోవాలి. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ జాబితాలో ఉంటే అసలు రిజిస్ట్రేషనే కాదు. అడ్వాన్సు ఇవ్వకముందే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి.

ఇంకొకటి మన ప్రాంతానికే ప్రత్యేకం. గనుల చుట్టుపక్కల ప్లాట్లు. నాపరాయి తీసేసిన గుంతలను రాతి ముక్కలతో, పాలిష్ బురదతో పూడ్చి, పైన నాలుగు లోడ్ల ఎర్రమట్టి పరిచి ప్లాట్లు వేసిన చోట్లు ఉంటాయి. వర్షాకాలం ఒకటి దాటితే నేల ఎలా కుంగుతుందో తెలుస్తుంది. బ్యాంకు ఇంజనీరు చూసి విలువ తగ్గించడమో, లోను కుదరదని రాయడమో చేస్తాడు. ఆయన కుదరదన్నాడని కోపం తెచ్చుకోకండి, మీ ఇంటి గోడ పగలకుండా ఆపాడు. ప్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు అంచున ఒక మూల గడ్డపారతో మూడడుగులు తవ్వించి చూడండి. కింద తెల్లటి ముద్దలాంటి బురద తగిలితే వెనక్కి వచ్చేయండి.

లేఅవుట్‌కు అనుమతి ఉందా, పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చారా అన్నవి వెంచర్ వాళ్ల కరపత్రంలో చూసి నమ్మకండి. ఆమోదం నంబరు తీసుకుని నగర పంచాయతీలో సరిచూసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ అయితే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఏపీ రెరాలో నమోదై ఉండాలి.

ఈసీ (రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీసి శుభ్రంగా ఉందని సంబరపడొద్దు. రిజిస్టర్ చేయకుండా ఒట్టి పత్రాలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు ఈసీలో కనబడకపోవచ్చు. అలాంటివి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో దొరుకుతాయి. ఎవరైనా కొద్ది రుసుముతో వెతకవచ్చు.

సగం తెలుపు, సగం నలుపు వద్దు

40 లక్షలకు ఇల్లు కొంటూ డాక్యుమెంటులో 22 లక్షలు రాయిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు ఆదా అవుతుందని అమ్మేవాళ్లు నచ్చజెబుతారు. మన రాష్ట్రంలో స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 18 లక్షల తేడాకు 1 లక్షా 35 వేలు ఆదా. నిజమే అనిపిస్తుంది. కానీ బ్యాంకు మీ డాక్యుమెంటు విలువనే చూస్తుంది. 30 లక్షల లోపు లోనుకు రిజర్వ్ బ్యాంకు గరిష్ఠంగా 90 శాతమే అనుమతిస్తుంది. 22 లక్షలకు 90 శాతం అంటే 19 లక్షల 80 వేలు. మిగిలిన 20 లక్షల 20 వేలు చేతి నుంచే తేవాలి. అదే 40 లక్షలూ రాయిస్తే? 30 నుంచి 75 లక్షల లోపు లోనుకు 80 శాతం, అంటే 32 లక్షల దాకా అర్హత. రిజిస్ట్రేషన్‌లో ఆదా చేసిన లక్షా చిల్లర కోసం పన్నెండు లక్షల లోను పోగొట్టుకుని, ఆ పన్నెండు లక్షలకు రెండు రూపాయల వడ్డీకి బయట తిరిగేవాళ్లను ఏమనాలి? పైగా ఇల్లు, స్థలం లావాదేవీలో 20 వేలు లేదా అంతకు మించిన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఇంటి విలువలో కలిపి లోను ఇవ్వరన్నది కూడా గుర్తుంచుకోండి. 10 లక్షల లోపు ఇళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. మార్జిను డబ్బుతో (చేతి నుంచి పెట్టాల్సిన వాటాతో) పాటు ఈ ఏడున్నర శాతాన్ని ముందే విడిగా దాచుకోవాలి.

మార్జిను కోసం రెండు రూపాయల వడ్డీకి వెళ్లకండి

ఒక్క మాట చెప్పి వదిలేయమంటే ఇదే చెబుతాను. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 5 లక్షలకు నెల వడ్డీ 10 వేలు, అసలు ఒక్క రూపాయి తగ్గదు. బ్యాంకు ఇచ్చిన 20 లక్షలకు అసలూ వడ్డీ కలిపి 17,356. అంటే పావు వంతు అప్పుకు సగానికి పైగా భారం. ఈ రెండూ కలిసి నెలకు 27 వేలు దాటాక, బండలు అమ్ముడుపోని రెండు నెలలు వస్తే ముందు ఎగ్గొట్టేది బ్యాంకు కంతే, ఎందుకంటే వడ్డీ వ్యాపారి ఇంటి ముందుకొచ్చి నిలబడతాడు. చివరికి ఇల్లు వేలం వేసేది మాత్రం బ్యాంకు.

మార్జిను తక్కువైతే చిన్న ఇల్లు చూడండి, లేదా ఒక ఏడాది ఆగండి. బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టడం వడ్డీ వ్యాపారి కంటే చాలా మేలు. అయితే ఆ వడ్డీని కూడా కంతు లెక్కలో కలుపుకోండి. రిజిస్టర్ కాని చీటీ పాట మీద నమ్మకంతో ఇల్లు బేరం చేయకండి. చీటీ నడిపేవాడు ఎత్తేసిన నెలే మీ రిజిస్ట్రేషన్ తేదీ అవుతుంది.

కేంద్రం సాయం ఒకటుంది. 2024 సెప్టెంబర్ నుంచి పట్టణాలకు వర్తించే పీఎం ఆవాస్ యోజన 2.0లో వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ ఆదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోవడం ముఖ్య షరతులు. మొదటి 8 లక్షల మీద 4 శాతం చొప్పున, గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు అయిదు వార్షిక వాయిదాల్లో లోను ఖాతాలో పడుతుంది. లోను దరఖాస్తుతో పాటే అడగండి. బ్యాంకు తనంతట తాను గుర్తు చేస్తుందని ఎదురుచూడొద్దు.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు

లోను మంజూరు ఉత్తరం చేతికి రాకముందు పెద్ద అడ్వాన్సు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే అగ్రిమెంటులో ఒక వాక్యం రాయించండి: స్థలం కాగితాల లోపం వల్ల బ్యాంకు లోను రాకపోతే అడ్వాన్సు ఫలానా తేదీలోగా తిరిగి ఇవ్వాలి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అతనికి తన కాగితాల సంగతి మనకంటే బాగా తెలుసన్నమాట. మంజూరు ఉత్తరానికి గడువు ఉంటుంది, సాధారణంగా కొన్ని నెలలే. అది దాటితే రేటు, అర్హత మళ్లీ మొదటి నుంచి చూస్తారు.

ఏ తలుపు తట్టాలి

జీతం, రిటర్నులు సరిగ్గా ఉన్నవాళ్లు ముందు ప్రభుత్వ బ్యాంకుకే వెళ్లండి. ఖాతా ఏళ్లుగా ఉన్న బ్రాంచి అయితే ఇంకా మంచిది. గ్రామీణ బ్యాంకు ఖాతాదారులకు ఒక సంగతి: కడప కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రగతి 2025 మే 1 నుంచి మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాత పాసుపుస్తకం పేరు చూసి కంగారు పడొద్దు. మన లాంటి ఊళ్లలో 35 లక్షల దాకా ఇచ్చే ఇంటి లోను 2025 ఏప్రిల్ నుంచి ప్రాధాన్య రంగం కింద లెక్కకు వస్తుంది (ఇంటి ధరకూ ఒక పరిమితి ఉంది). బ్యాంకులకు ఆ రంగంలో లక్ష్యాలుంటాయి. అంటే మీ చిన్న లోను వాళ్లకూ అవసరమే.

కాగితం మీద ఆదాయం లేనివాళ్లకు కొన్ని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు షాపుకొచ్చి చూసి, బండల లెక్క రాసుకుని లోను ఇస్తాయి. రేటు బ్యాంకు కంటే రెండు మూడు శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. గత్యంతరం లేకపోతే తీసుకోవచ్చని నా అభిప్రాయం, ఒక షరతు మీద: ఆ రోజు నుంచే రిటర్నులు వేయడం మొదలుపెట్టి, రెండేళ్లకు బ్యాంకుకు మార్చుకోవాలి. మారే వడ్డీ ఇంటి లోనును ముందే తీర్చినందుకు వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయరాదు.

లోను ఇప్పిస్తానని ముందే ఫీజు అడిగినవాడికి ఇవ్వకండి. మంజూరు చేసేది బ్యాంకు, ఏజెంటు కాదు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

సంతకాల రోజున "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అడిగి తీసుకోండి. 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి కొత్త లోనుకూ అది తప్పనిసరి. వడ్డీతో పాటు ఫీజులన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతోందో అందులో ఒకే అంకెలో ఉంటుంది. బీమా పాలసీ కలిపేసి ఉంటే అక్కడే కనబడుతుంది. బీమా మంచిదే, ఇంటి పెద్దకు ఏదైనా అయితే పిల్లల నెత్తిన అప్పు పడదు. కానీ వాళ్లు చెప్పిన కంపెనీలోనే, వాళ్లు చెప్పిన ధరకే తీసుకోవాలన్న నిబంధన లేదు.

కంతు తప్పేలా ఉంటే

దాక్కోకండి. మొదటి కంతు తప్పకముందే బ్రాంచికి వెళ్లి ఉత్తరం ఇవ్వండి, ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి. 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. ఆ నోటీసుకు జవాబు రాయడం మీ హక్కు, రాయకపోవడం పెద్ద తప్పు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయరాదు. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులు దాటినా జవాబు లేకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు. వివరాలకు 14448.

అంతా తీరాక, అసలు పత్రాలు 30 రోజుల్లో చేతికి రావాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు 5 వేల చొప్పున మీకు ఇవ్వాలని 2023 డిసెంబర్ 1 నుంచి నిబంధన. పత్రాల్లో ప్రతి పేజీ లెక్కపెట్టుకుని సంతకం పెట్టండి. తాకట్టు రిజిస్టర్ అయి ఉంటే దాని రద్దు కూడా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర చేయించి, తర్వాత ఒకసారి ఈసీ తీసి చూసుకోండి. సెర్సాయ్‌లోనూ, సిబిల్‌లోనూ లోను ముగిసినట్టు చేరిందో లేదో రెండు నెలలకు చూడండి.